మామీ నదిలో వాలై చేప పట్టడం ఎలా: మార్చి, ఏప్రిల్‌లో మొదటిసారి నీళ్ళలోకి దిగేవాళ్ళ కోసం

ఫిబ్రవరి ఆఖరు వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. కొలంబస్ నుంచి ఒకరు, నోవై నుంచి ఒకరు, "అన్నా వాలై వచ్చేసిందంట కదా, ఏ రాడ్ కొనాలి, ఏ రంగు ఎర పెట్టాలి, ఎక్కడ దిగాలి" అని. ప్రతి ఒక్కరికీ గంట గంట చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తే అందరికీ పనికొస్తుందని కూర్చున్నా. ఇది బోటు ఉన్నవాళ్ళ కోసం కాదు, ఒహాయోలో టొలీడో పక్కన మామీ నదిలో నడుముకి బెల్టు కట్టుకుని నీళ్ళలో నిలబడి పట్టేవాళ్ళ కోసం.

ముందు అసలు సంగతి ఏంటో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. మన గోదావరికి వరద నీళ్ళు రాగానే సముద్రం నుంచి పులస ఎదురీదుకుంటూ పైకొస్తుంది కదా గుడ్లు పెట్టడానికి, ఇది కూడా అలాంటిదే, కాకపోతే ఇక్కడ సముద్రం బదులు ఏరీ సరస్సు, వానాకాలం బదులు మంచు కరిగే కాలం. సరస్సులో తిరిగే వాలై చేపలు మార్చి నెలలో మామీ నదిలోకి వచ్చి పెరిస్‌బర్గ్, మామీ ఊళ్ళ దగ్గర గులకరాళ్ళ మీద గుడ్లు పెట్టి ఏప్రిల్ ఆఖరుకి మళ్ళీ సరస్సుకి వెళ్ళిపోతాయి. గూడు కట్టవు, కాపలా కాయవు, గుడ్లు రాళ్ళ సందుల్లో పడి వాటంతట అవే పొదుగుతాయి. పేరు విని మన వాలుగ అనుకోకండి, వాలుగ జెల్ల జాతిది, ఇది పెర్చ్ కుటుంబం, రెండిటికీ చుట్టరికం లేదు. కెనడాలో కొంతమంది దీన్నే పికరెల్ అంటారు. టొలీడో హాకీ టీమ్ పేరు కూడా వాలైనే, పోర్ట్ క్లింటన్ ఊళ్ళో అయితే డిసెంబర్ 31 రాత్రి పెద్ద బొమ్మ వాలైని పైనుంచి కిందకి దింపి కొత్త సంవత్సరం మొదలుపెడతారు, అంత ప్రేమ ఇక్కడివాళ్ళకి ఈ చేపంటే.

ఎప్పుడు వెళ్ళాలి

క్యాలెండర్ కంటే నీళ్ళ వేడి చూడండి. నీళ్ళు 42 డిగ్రీల ఫారన్‌హీట్ దాటాక చేప కదలడం మొదలవుతుంది, 45 నుంచి 50 మధ్య మంచి ఊపు మీద ఉంటుంది, 52 దాటాక మెల్లగా సద్దుమణుగుతుంది. మామూలు ఏడాదిలో ఇది మార్చి మూడో వారం నుంచి ఏప్రిల్ మూడో వారం దాకా అనుకోండి. మగవి ముందొస్తాయి, చివరిదాకా ఉంటాయి, వీటిని ఇక్కడివాళ్ళు జాక్స్ అంటారు, ఎక్కువగా 15 నుంచి 20 అంగుళాలు ఉంటాయి. ఆడవి పెద్దవి, వచ్చి గుడ్లు పెట్టేసి తొందరగా వెళ్ళిపోతాయి. అందుకే మీకు పడేవాటిలో ఎక్కువ మగవే ఉంటాయి, అది మంచిదే, తినడానికి కూడా అవే బాగుంటాయి.

రెండోది నీళ్ళ మట్టం, నాకైతే వేడి కంటే ఇదే ముఖ్యం. గ్రేట్ లేక్స్‌లో కలిసే నదులన్నిటిలోకీ ఈ మామీ పరివాహక ప్రాంతమే పెద్దది, అంతా పొలాలే, పైన ఇండియానా వైపు వాన పడిందంటే రెండు రోజుల్లో ఇక్కడ నీళ్ళు పాలు ఎక్కువైన టీలా తయారవుతాయి. యూఎస్‌జీఎస్ అనే అమెరికా ప్రభుత్వ సంస్థ వాళ్ళ వాటర్‌విల్ గేజ్ (నది నీళ్ళు కొలిచే చోటు) లెక్కలు ఆన్‌లైన్‌లో ఉంటాయి, అందులో మట్టం, ప్రవాహం రెండూ ఉంటాయి. ప్రవాహం సెకనుకి ఇన్ని ఘనపుటడుగులు అని ఉంటుంది, అంటే ధవళేశ్వరం వార్తల్లో మనం చిన్నప్పటి నుంచి వినే క్యూసెక్కులే, కొత్తదేం కాదు. అంకె ఒక్కటి చూసి ఊరుకోకండి, గీత పైకి వెళ్తోందా కిందకి దిగుతోందా చూడండి. దిగుతుంటే, ఒకటి రెండు రోజులుగా దిగుతూ ఉంటే, సెలవు పెట్టి మరీ వెళ్ళండి. పైకి లేస్తుంటే మాత్రం ఇంట్లో ఉండండి, నీళ్ళలోకి దిగొద్దు.

ఇంకో చిన్న మాట, గాలి కూడా చూడాలి. ఈశాన్యం నుంచి గట్టిగా గాలి వీస్తే ఏరీ సరస్సు నీళ్ళు నదిలోకి ఎగదన్నుకొస్తాయి, అంటే వాన లేకపోయినా దిగువ వైపు మట్టం పెరుగుతుంది. నైరుతి గాలి అయితే ఉల్టా, నీళ్ళు సరస్సులోకి లాగేసుకుంటాయి.

లైసెన్సు, రూల్స్: ఇది దాటేయకండి

16 ఏళ్ళు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒహాయో ఫిషింగ్ లైసెన్స్ ఉండాలి. భార్యాభర్తలిద్దరూ గాలం వేస్తే ఇద్దరికీ ఉండాలి, ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. ఫోన్‌లోనే కొనుక్కోవచ్చు. మిషిగన్ నుంచి వచ్చేవాళ్ళు బయటి రాష్ట్రం లైసెన్స్ తీసుకోవాలి, జనవరి నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా ఏరీ సరస్సు పర్మిట్ అని ఇంకోటి ఉంటుంది, కొనేటప్పుడే అది కూడా చూసుకోండి.

కొన్నేళ్ళుగా మనిషికి రోజుకి 6 వాలై, ఒక్కోటి కనీసం 15 అంగుళాలు. ఈ అంకె ప్రతి ఏడూ ప్రకటిస్తారు కాబట్టి వెళ్ళే ముందు ఆ ఏడాది బుక్‌లెట్ ఒకసారి తెరవండి. మార్చి 1 నుంచి మే 1 దాకా ఈ నదిలో వేరే రూల్స్ కూడా ఉన్నాయి, చాలామంది మనవాళ్ళు దొరికిపోయేది ఇక్కడే. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే పట్టాలి. ఒంటి హుక్కే వాడాలి, మూడు కొక్కేల ట్రెబుల్ హుక్ పనికిరాదు. ఆ ఒంటి హుక్ కూడా కాడ నుంచి మొన దాకా అర అంగుళం మించకూడదు, స్కేలు పెట్టి కొలుచుకోండి.

అన్నిటికంటే పెద్ద రూల్ ఏంటంటే, హుక్ చేప నోటి లోపల గుచ్చుకుంటేనే అది మీ చేప. పొట్టకో, రెక్కకో, తోకకో, చివరికి దవడ బయట గుచ్చుకున్నా సరే వెంటనే వదిలేయాలి. నదిలో చేప అంత కిక్కిరిసి ఉంటుంది కాబట్టి బయట తగలడం మామూలే, తప్పు అది కాదు, దాన్ని తాడుకి గుచ్చుకోవడం తప్పు. ఒడ్డున వైల్డ్‌లైఫ్ ఆఫీసర్లు సాదా బట్టల్లో కూడా ఉంటారు, కానీ నేను చెప్పేది వాళ్ళ భయంతో కాదు. గుడ్లు పెట్టడానికి వచ్చిన చేపని దాని ఒంటికి కొక్కెం వేసి లాగడం వేట కాదండి. మనం ఈ దేశంలో ఈ నీళ్ళ దగ్గర కొత్తవాళ్ళం, పక్కన నిలబడిన ముసలాయన మనల్ని చూసి "వీళ్ళకి పద్ధతి తెలుసు" అనుకోవాలి.

ఏం కొనాలి

రాడ్ ఆరున్నర నుంచి 7 అడుగులు, మీడియం పవర్, కొస కొంచెం చురుగ్గా కదిలేది. రీల్ స్పిన్నింగ్ రకం, 2500 లేదా 3000 సైజు. దీనికి ఖరీదైనది అస్సలు అవసరం లేదు, మామూలు షాపులో రాడ్, రీల్ కలిపి అమ్మే సెట్ చాలు, మిగిలిన డబ్బు వేడర్స్ (నీళ్ళు దూరకుండా పాదాల నుంచి ఛాతీ దాకా వేసుకునేవి) మీద పెట్టండి.

లైన్ 10 పౌండ్ల మోనో (ఒంటి పోగు నైలాన్ దారం) అయినా వేయండి, 15 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం) అయినా వేయండి. నేను బ్రెయిడ్ వాడతా, అడుగున రాయి తగిలితే వేలికి తెలుస్తుంది. లీడర్, అంటే హుక్ కట్టే చివరి ముక్క దారం, మాత్రం ఎప్పుడూ మెయిన్ లైన్ కంటే బలహీనంగా ఉండాలి, 8 పౌండ్లది వేసుకోండి. ఎందుకంటే రాళ్ళలో ఇరుక్కోవడం గ్యారంటీ, అప్పుడు లీడర్ ఒక్కటే తెగి పోతుంది, సీసం గుండు, స్వివెల్ (దారం పురి పడకుండా తిరిగే చిన్న లోహపు ముక్క) మిగులుతాయి, లేదంటే మొత్తం పోయి చలికి వణుకుతూ అన్నీ మొదటి నుంచి కట్టుకోవాలి.

ఇక రిగ్, అంటే గుండు, హుక్ అన్నీ దారానికి కట్టే అమరిక. ఇక్కడ 10 మందిలో 8 మంది వాడేది కరోలైనా రిగ్. కట్టడం ఇలా: మెయిన్ లైన్‌లోకి ముందు కోడిగుడ్డు ఆకారంలో ఉండే చిల్లు సీసం గుండు ఎక్కించండి, తర్వాత ఒక ప్లాస్టిక్ పూస ఎక్కించండి, అది ముడిని గుండు దెబ్బ నుంచి కాపాడుతుంది, తర్వాత చిన్న బారెల్ స్వివెల్ కట్టండి. స్వివెల్ రెండో వైపు లీడర్ కట్టి, దాని చివర ఫ్లోటింగ్ జిగ్ కట్టండి. ఫ్లోటింగ్ జిగ్ అంటే తల దగ్గర తేలే గుండ్రటి బెండులాంటిది ఉన్న హుక్. గుండు అడుగున దొర్లుతుంటే హుక్ మాత్రం రాళ్ళకి కాస్త పైన తేలుతూ వస్తుంది, చేప ఉండేది కూడా సరిగ్గా ఆ ఎత్తులోనే. హుక్‌కి రెండు మూడు అంగుళాల ట్విస్టర్ టెయిల్ గుచ్చండి, అదే తోక మెలిక తిరిగి ఉండే మెత్తటి ప్లాస్టిక్ ఎర. ఇది తిన్నగా గుచ్చాలి, కొంచెం వంకర పోయినా నీళ్ళలో గిరగిరా తిరిగి లైన్ అంతా పురి పడిపోతుంది.

లీడర్ పొడవు గురించి రకరకాలుగా చెప్తారు. మూడు నాలుగు అడుగులు పెట్టేవాళ్ళూ ఉన్నారు, పొడుగు లీడర్ అయితే ఎక్కువ చేపలు తగులుతాయి నిజమే, కానీ తగిలేవి చాలావరకు నోటి బయటే. నేను 18 నుంచి 24 అంగుళాలు పెడతా. తగలడం తక్కువైనా తగిలింది నాదవుతుంది, చేప నోట్లో పెట్టుకున్న సంగతి కూడా వెంటనే తెలుస్తుంది.

ముందురోజు రాత్రి ఇంట్లో కూర్చుని 15 లీడర్లు కట్టి పెట్టుకోండి. స్విమ్మింగ్ పూల్‌లో పిల్లలు వాడే పొడుగు ఫోమ్ గొట్టం ముక్క ఒకటి కోసి దానికి చుట్టేస్తే చిక్కు పడవు. నీళ్ళలో వేళ్ళు కొంకర్లు పోయినప్పుడు ముడి వేయడం ఎంత కష్టమో ఒకసారి చూస్తే ఈ మాట విలువ తెలుస్తుంది.

రంగు సంగతి రెండు ముక్కల్లో: నీళ్ళు మురికిగా ఉంటే నిమ్మపండు రంగు, ఆరెంజ్, గులాబీ, కాస్త తేటగా ఉంటే తెలుపు, ఊదా. సూర్యోదయం అయిన వెంటనే, వెలుతురు ఇంకా తక్కువగా ఉన్నప్పుడు నలుపు కూడా పనిచేస్తుంది. అంతే, దీని గురించి ఇంతకంటే ఆలోచించొద్దు.

బరువు: అసలు కిటుకంతా ఇక్కడే

ఒక ఏప్రిల్ శనివారం కొలంబస్ నుంచి నా ఫ్రెండ్ వచ్చాడు, ఇద్దరం పెరిస్‌బర్గ్‌లో ఫోర్ట్ మీగ్స్ అనే పాత కోట కింద నదిలో పక్కపక్కనే నిలబడ్డాం. రెండు గంటలైంది, నాకు నాలుగు పడ్డాయి, వాడికి సున్నా. వాడు పది నిమిషాలకోసారి రంగు మారుస్తున్నాడు.

"బావా, నీది ఏ రంగు, అదే ఇవ్వు ఒకటి."

"రంగు కాదు బావా, నీ గుండు ఎంత?"

"ఏమో, ప్యాకెట్‌లో ఉన్నదే పెట్టా."

తీసి చూస్తే పావు ఔన్సు. ఆ ప్రవాహానికి అది అడుగు తాకనే తాకట్లేదు, ఎర నీళ్ళ మధ్యలో గాలిపటంలా కొట్టుకుపోతోంది, చేపలేమో కింద రాళ్ళని అంటిపెట్టుకుని ఉన్నాయి. అర ఔన్సు వేయించా, రంగు అదే. మూడో విసురుకి పడింది.

అందుకే నా మాట ఒక్కటే, పడకపోతే ముందు బరువు మార్చండి. మీ పెట్టెలో 1/4, 3/8, 1/2, 5/8, 3/4 ఔన్సు గుండ్లు తలా నాలుగైదు ఉండాలి. సరైన బరువు ఎలా తెలుస్తుందంటే, విసిరాక గుండు అడుగున రెండు మూడు అడుగులకోసారి టక్... టక్... అని తగులుతూ దొర్లాలి. అస్సలు తగలకపోతే తేలిక, ఒక సైజు పెంచండి. వెళ్ళి ఒకచోట కూర్చుండిపోతే బరువెక్కువ, ఒక సైజు తగ్గించండి. మీరు పది అడుగులు పక్కకి జరిగినా ప్రవాహం మారిపోతుంది, పొద్దునకీ మధ్యాహ్నానికీ మట్టం మారుతుంది, అప్పుడల్లా మళ్ళీ చూసుకోవాలి. ఒక్కరోజులో నేను ఆరేడుసార్లు గుండు మారుస్తా, రంగు మహా అయితే రెండుసార్లు.

ఎక్కడ నిలబడాలి

పెరిస్‌బర్గ్ వైపు ఫోర్ట్ మీగ్స్ కింద, ఓర్లియన్స్ పార్క్, బటన్‌వుడ్. అవతలి ఒడ్డున మామీ వైపు సైడ్ కట్ మెట్రోపార్క్, బ్లూగ్రాస్ ఐలాండ్, కొంచెం పైన జెరోమ్ రోడ్ దగ్గర రాళ్ళ జాలు. వారాంతం అయితే తెల్లారకముందే పార్కింగ్ నిండిపోతుంది, వీలైతే మంగళవారమో బుధవారమో ఒక పూట సెలవు పెట్టుకోండి. మామీ బాగా రద్దీ అనిపిస్తే ఫ్రీమాంట్ ఊళ్ళో సాండస్కీ నది ఉంది, అక్కడికి కూడా ఇవే రోజుల్లో వాలై వస్తుంది, రూల్స్ చాలావరకు ఇవే, అయినా దిగే ముందు బుక్‌లెట్ చూడండి. డెట్రాయిట్ నదిలో కూడా ఏప్రిల్‌లో బ్రహ్మాండంగా పడతాయి గానీ అది బోటులో కూర్చుని జిగ్‌ని నిలువుగా ఎగరేసే పద్ధతి, వేరే కథ.

చోటు ఎంచుకునేటప్పుడు పరుగు నీళ్ళు, నెమ్మది నీళ్ళు కలిసే గీత చూడండి. పైన నురగ కట్టే జోరు నీళ్ళలో చేప నిలబడదు, పూర్తిగా నిలవ నీళ్ళలో కూడా ఉండదు. ఆ రెండిటి అంచున, గులకరాళ్ళ మీద, మూడు నుంచి ఐదు అడుగుల లోతులో ఆగి ఊపిరి తీసుకుంటుంది. మరీ లోపలికి దిగిపోవడం చాలామంది చేసే తప్పు, పొద్దున్నే అయితే చేపలు మోకాలి లోతులోనే ఉంటాయి, మీరు వాటిని తొక్కుకుంటూ వెళ్ళి అవతలికి విసురుతుంటారు. వాలై కంటి వెనక అద్దంలాంటి పొర ఉంటుంది, మసక వెలుతురులో దానికి బాగా కనిపిస్తుంది, అందుకే తెల్లవారిన మొదటి గంట, మబ్బు పట్టిన రోజు, నీళ్ళు కాస్త కలకబారిన రోజు మంచివి.

విసరడం, లాగడం

ఫోర్ట్ మీగ్స్ వైపు నిలబడితే నీళ్ళు మీ ఎడమ నుంచి కుడికి పారతాయి. ఎదురుగా గడియారం ఉందనుకోండి, 11 మీదకి, అంటే ఎగువకి కొంచెం వాలుగా విసరండి. గుండు అడుగు తాకేదాకా ఒక క్షణం ఆగి, బెయిల్ (రీల్ మీద దారాన్ని ఆపే తీగ) మూసి, లైన్‌లో వదులు మాత్రం తీసేయండి, రీల్ తిప్పొద్దు. రాడ్ కొస కొంచెం పైకి పెట్టి, గుండు దొర్లుతూ కిందకి పోతుంటే దాని వెంటే రాడ్‌ని మెల్లగా తిప్పండి. లైన్ 2 దగ్గరికి వచ్చేసరికి బిగుసుకుని ఎర ఒడ్డు వైపు ఊగుతుంది, ఆ ఊపు ఆగే చోట చాలాసార్లు పడుతుంది. అక్కడ రెండు మూడు సెకన్లు ఆగి, తీసేసి, మళ్ళీ విసరండి. అవతలి ఒడ్డున అయితే అంతా అద్దంలో చూసినట్టు తిరగేసుకోండి.

పడినప్పుడు ఎలా ఉంటుందో చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్ళకి పడినా తెలియదు. కొర్రమీను కొట్టినట్టు ధడేల్మని కొట్టదు. ఈ రోజుల్లో అది ఆకలి మీద ఉండదు, ముందుకొచ్చినదాన్ని నోట్లో పెట్టుకుని చూస్తుంది అంతే. టక్ టక్ అని వస్తున్నది టక్కున ఆగిపోతుంది, తడిసిన గుడ్డ తగులుకున్నట్టు మెత్తటి బరువు, లేదా వేలి మీద ఒక్క చిన్న కొట్టు. అప్పుడు మణికట్టు ఒక్కసారి పైకి ఎత్తండి చాలు. కొంతమంది ప్రతి ఊపు చివర రాడ్‌ని బలంగా గుంజుతుంటారు, అది గుచ్చి లాగడమే, అది చేయకండి, పక్కవాళ్ళు కూడా ఊరుకోరు.

డ్రాగ్ (రీల్‌లో దారం జారే బిగువు) ముందే వదులుగా పెట్టుకోండి, చేత్తో గట్టిగా లాగితే లైన్ జారాలి. చేప పడగానే "ఫిష్ ఆన్" అని గట్టిగా అరవండి, సిగ్గుపడొద్దు, పక్కన ఐదారుగురు ఉంటారు, వాళ్ళు వెంటనే లైన్లు తీసేసుకుని మీకు దారి ఇస్తారు. వాళ్ళు అరిస్తే మీరూ తీసేయాలి. అలాగే అందరూ ఒక వరసలో ఒకరి తర్వాత ఒకరు ఒకే లయలో విసురుతుంటారు, మధ్యలోకి వెళ్ళి దూరకుండా ఒక నిమిషం చూసి, "ఇక్కడ నిలబడొచ్చా" అని అడిగి నిలబడండి. నాకు తెలిసింది సగం అలా అడిగి నిలబడిన చోట్లే పక్కవాళ్ళు చెప్పింది.

చేపని తిన్నగా ఎదురు నీళ్ళకి లాగకండి, ఒడ్డు వైపు నెమ్మది నీళ్ళలోకి తిప్పండి, నెట్‌ని దాని తల కిందగా పెట్టండి. బొచ్చె చేపని పట్టుకున్నట్టు మొప్పల్లో వేలు పెట్టారంటే వేలు తెగుతుంది, వాలై మొప్ప అంచు బ్లేడులా ఉంటుంది, నోట్లో పళ్ళు సూదుల్లా ఉంటాయి, వీపు మీద ముళ్ళు సరేసరి. గ్లౌజ్ వేసుకుని తల వెనక పట్టుకోండి, చిన్న ముక్కుపట్కారుతో హుక్ తీయండి. వదిలేయాల్సిన చేప అయితే నీళ్ళలోంచి పైకి ఎత్తకుండానే హుక్ తీసి వదిలేయండి. పెద్ద ఆడ చేప పడితే, గుడ్లతో నిండుగా ఉంటే, నేను ఫొటో కూడా తీయకుండా వదిలేస్తా. రూల్ ఏం లేదు, ఉంచుకోవచ్చు, కానీ నేను ఉంచుకోను.

నీళ్ళ దగ్గర ప్రాణం జాగ్రత్త

ఒక ఏడాది నేను పొద్దున్నే మోకాలి లోతులో పాయ దాటి బ్లూగ్రాస్ ఐలాండ్ మీదకి వెళ్ళా. చేపలు బాగా పడుతున్నాయి, గేజ్ చూడలేదు, గాలి ఈశాన్యానికి తిరిగిన సంగతి పట్టించుకోలేదు. మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు అదే పాయ తొడల పైదాకా ఉంది, కింద రాళ్ళు కనిపించట్లేదు, ఒక కాలు ఎత్తితే ఇంకో కాలు జారిపోతోంది. ఒకాయన చేతికర్ర అందించి ముందు నడిస్తే దాటా. ఇంటికొచ్చి పిల్లల్ని చూశాక అప్పుడు వణుకొచ్చింది. ఆ రోజు నుంచి ఈ పనులు చేయకుండా నీళ్ళలో కాలు పెట్టను, మీరూ పెట్టకండి:

ఒడ్డుకి చేరగానే నీటి అంచున ఒక రాయి గుర్తు పెట్టుకోండి, అరగంటకోసారి చూడండి, రాయి మునిగితే చేప ఎంత పడుతున్నా సరే బయటికి వచ్చేయండి. వేడర్స్ మీద బెల్టు బిగించి కట్టండి, పడిపోతే లోపలికి నీళ్ళు నిండకుండా ఆపేది అదే. లైఫ్ జాకెట్ వేసుకోండి, ఇప్పుడు సన్నగా మెడ చుట్టూ ఉండేవి వస్తున్నాయి, విసరడానికి అడ్డం రావు. చేతికర్ర ఒకటి ఉండాలి. అడుగు ఎత్తి వేయొద్దు, పాదం నేల మీద రాసుకుంటూ జరపండి, నడుము దాటి దిగొద్దు. నీళ్ళు 45 డిగ్రీలంటే మన లెక్కలో 7 సెల్సియస్, ఫ్రిజ్‌లో నీళ్ళు ఉన్నట్టు. లోపల జీన్స్, కాటన్ వేసుకోకండి, తడిస్తే ఇక ఆరవు, ఉన్ని లేదా పాలియెస్టర్ వేసుకోండి. మార్చిలో అయితే నియోప్రీన్ (చలి ఆపే మందపాటి రబ్బరు) వేడర్స్ మంచివి. కారులో ఒక జత పొడి బట్టలు, ఫ్లాస్కులో వేడి టీ. ఒంటరిగా వెళ్ళొద్దు, పిల్లల్ని తీసుకొస్తే ఒడ్డు మీదే ఉంచండి.

ఇంటికి తెచ్చాక

ఉంచుకునే చేపకి అక్కడే మొప్ప కోసి రెండు నిమిషాలు నీళ్ళలో ఉంచితే నెత్తురు పోయి కండ తెల్లగా వస్తుంది. ఐస్ బాక్సులో ఐస్ వేసుకుని వెళ్ళండి. ఎవరి చేపలు వాళ్ళవే, నలుగురివీ ఒకే తాడుకి గుచ్చొద్దు, లెక్క అడిగితే చెప్పలేరు. కోసిన పొట్టలూ తలలూ ఒడ్డున పారేయకండి, ఇంట్లో కోసి కవర్లో గట్టిగా కట్టి చెత్తలో వేయండి. గర్భిణులు, చిన్న పిల్లలు ఉంటే ఏ చేప వారానికి ఎంత తినొచ్చో ఒహాయో వాళ్ళు సలహా పట్టిక పెడతారు, చూసుకుని పెట్టండి.

వాలైకి పొలుసు చిన్నది, చర్మం తీసేయడమే సుఖం. మొప్ప వెనక నుంచి వెన్నెముక దాకా కోసి, కత్తిని పడుకోబెట్టి వెన్నెముక వెంటే తోక దాకా తీసుకెళ్ళండి, తర్వాత పక్కటెముకలు విడదీయండి. బొచ్చెలోలా కండంతా సన్న ముళ్ళు ఉండవు, ముందు భాగంలో ఒక్క వరస ఉంటుంది, దాని రెండు పక్కలా గాటు పెట్టి పట్టీలా లాగేస్తే పిల్లలకి ధైర్యంగా పెట్టొచ్చు. బుగ్గల దగ్గర రూపాయి బిళ్ళంత కండ ఉంటుంది, అది పారేయకండి, చేప మొత్తంలో రుచి అక్కడే.

కండ బాగా మెత్తన, వాసన తక్కువ. వేపుడుకి ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం పట్టించి అరగంట ఉంచి, బియ్యప్పిండిలో దొర్లించి పెనం మీద వేయండి. పక్కకి మూడు నిమిషాలు చాలు, ఎక్కువసేపు ఉంచితే పొడి పొడి అవుతుంది. పులుసు పెట్టేవాళ్ళు మాత్రం మన చేపల్లా ముందే ముక్కలు వేయొద్దు, చింతపండు పులుసు పూర్తిగా మరిగి నూనె తేలాక, దించే ఆరేడు నిమిషాల ముందు వేసి, గరిటె పెట్టకుండా గిన్నె రెండు వైపులా గుడ్డతో పట్టుకుని ఒకసారి అటూ ఇటూ తిప్పండి. ఆ రాత్రి తినకుండా ఉంచి, మర్నాడు పొద్దున్న వేడి అన్నంలోకి వేసుకోండి.